మీ ఊళ్ళో మంచి మారేడు చెట్టును కాయ చూసి ఎంచుకోవడం ఎలా?

శివరాత్రి దగ్గర పడుతోందంటే చాలు, నాకు ఒకటే ప్రశ్న. "మా వీధి చివర మారేడు చెట్టు కాయ భలే తియ్యగా ఉందండీ, గింజ వేస్తే అదే వస్తుందా?" మంగళగిరి నుంచి ఒకరు, తెనాలి నుంచి ఒకరు, విజయవాడ పటమట నుంచి మరొకరు. తోట వేద్దామనుకునేవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కి, "ఏ చెట్టు పుల్ల తెచ్చుకుంటే మంచిది?" అంటారు. ఫోనులో చెప్తే సగమే ఎక్కుతోంది. అందుకే మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటే: రాదు. గింజ మొక్క తల్లి చెట్టులాగే ఉంటుందన్న భరోసా లేదు. మంచి చెట్టు దొరికితే దాని కన్ను (కొమ్మ మీది చిగురు మొగ్గ) తీసి వేరే మొక్కకు అంటు కట్టుకోవాల్సిందే. కాబట్టి అసలు పని ఆ మంచి చెట్టును పట్టుకోవడం.

అందుకు మన ప్రాంతం చాలా అనుకూలం. గుంటూరు, విజయవాడ వైపు మారేడును కాయ కోసం పెంచినవాళ్ళు తక్కువ. శివుడికి దళాల కోసం పెంచాం. అమరావతి వెళ్ళినా, కోటప్పకొండ వెళ్ళినా ఆకు కోసుకునేవాళ్ళే తప్ప కాయ పగలగొట్టి రుచి చూసేవాళ్ళు కనిపించరు. గుళ్ళలో, పెరళ్ళలో ఉన్నవి చాలావరకు గింజ పడి మొలిచినవే. దాంతో ఏ చెట్టు కాయ దానిదే. ఒక చెట్టు కాయ బత్తాయంత ఉండి లోపల అంతా జిగురు, గింజలు. నాలుగు ఇళ్ళ అవతల ఇంకో చెట్టు కాయ చిన్న కొబ్బరి బోండం అంత, చెంచాతో తినేలా గుజ్జు.

ఉత్తరాదిన పండు కోసమే పెంచుతారు కాబట్టి అక్కడ ఈ వెతుకులాట ఎప్పుడో జరిగింది. అయోధ్య (పాత ఫైజాబాద్) జిల్లా కుమార్‌గంజ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి నరేంద్ర బేల్-5, నరేంద్ర బేల్-9, పంత్‌నగర్ నుంచి పంత్ అపర్ణ, పంత్ శివాని, పంత్ సుజాత, లక్నో పరిశోధన సంస్థ నుంచి సిఐఎస్‌హెచ్ బి-1, బి-2, గుజరాత్‌లోని గోధ్రా నుంచి గోమ యశి రకాలు వచ్చాయి. ఉన్న చెట్లలో కాయలు కోసి, తూచి, రుచి చూసి మంచివి ఏరుకోవడమే ఈ పనికి మూలం. మీరు చేయబోయేదీ అదే, కాస్త చిన్న ఎత్తున.

ముందు అది మారేడేనా?

నవ్వకండి. ఒకాయన మూడు నెలలు ఒక చెట్టు గురించి మాట్లాడి, చివరికి ఫోటో పంపితే అది వెలగ. మారేడు ఆకుకు మూడు దళాలుంటాయి, అందరికీ తెలిసిందే. వెలగ ఆకులో సన్నని ఈనెకు అటూ ఇటూ జంటలుగా చిన్న ఆకులు, కొసన ఒకటి ఉంటాయి. వెలగ పెంకు బూడిద కలిసిన తెలుపు, చేతికి గరుకు. గుజ్జు చింతపండు రంగు. మారేడు పెంకు నున్నగా ఉంటుంది, పండితే పసుపు తిరుగుతుంది, గుజ్జు పసుపు నుంచి నారింజ రంగు వరకు ఉంటుంది.

ఎందుకు కావాలో తేల్చుకోండి

"మంచి కాయ" అన్న మాటకు ఒక అర్థం లేదు. షర్బత్‌కైతే గుజ్జు ఎక్కువ, పీచు తక్కువ, తీపి బాగా ఉండాలి. ఎండు ముక్కలు చేసి మూలికల వ్యాపారికి ఇవ్వాలంటే పచ్చికాయగానో దోరగానో ఉన్నప్పుడే కోస్తారు కాబట్టి పండు తీపితో పెద్దగా పని లేదు. కాయ గట్టిగా, కండ దళసరిగా ఉండి, ఎండాక బరువు నిలవాలి. ఆయుర్వేదంలో విరేచనాలు కట్టడానికి వాడేది లేత, దోర కాయ. బాగా పండిన పండు అందుకు ఎదురు, విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. ఒకే కాయ రెండు దశల్లో రెండు పనులు చేస్తుంది. మందుగా ఎంత, ఎలా అన్నది వైద్యుణ్ణి అడగండి, ఇక్కడ చెట్టు సంగతి వరకే.

ఈ వ్యాసం ఎక్కువగా పండు కోసం వెతికేవాళ్ళకు. ఎండు ముక్కలవాళ్ళు ఎక్కడ మార్చుకోవాలో మధ్యలో చెప్తాను.

కావాల్సినవి

- వంటింటి డిజిటల్ కాటా. ఒక గ్రాము తేడా చూపాలి, 5 కిలోల దాకా తూగాలి.
- వెర్నియర్ కాలిపర్. హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్లాస్టిక్‌దైనా చాలు.
- హాక్సా బ్లేడు, చాకు, గట్టి స్టీలు చెంచా.
- రిఫ్రాక్టోమీటర్. పండ్ల తీపి చూసే చిన్న గొట్టం లాంటి పరికరం, ఆన్‌లైన్‌లో వస్తుంది. లేకపోతే పని ఆగదు, నాలుకతో నడిపించవచ్చు.
- చిక్కం కట్టిన గెడ, నిచ్చెన, దళసరి చేతి తొడుగులు. ముళ్ళు గుచ్చుకుంటే రెండు రోజులు సలుపుతుంది.
- గోనె సంచులు, వరిగడ్డి, జల్లెడ, నీళ్ళ బేసిను.
- ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా రేకు, మేకు, సన్న తీగ. ఎందుకో మొదటి మెట్టులోనే తెలుస్తుంది.
- నోటుబుక్కు. ఫోనులో రాసుకుంటాం అనకండి, జిగురు చేతులతో ఫోను ముట్టుకోలేరు.

1. చెట్ల జాబితా రాయండి

కనీసం 15 చెట్లు. నాలుగు చెట్లలో మంచిది వెతికితే ఆ నాలుగింటిలో మంచిదే దొరుకుతుంది. గుళ్ళు, పాత ఇళ్ళ పెరళ్ళు, చేల గట్లు తిరగండి. పూజారిగారిని, ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. "పిల్లలు కాయలు ఏ చెట్టువి ఎత్తుకుపోతారు?" అని అడిగితే సగం పని అయిపోయినట్టే. గుడి చెట్టయితే ఆలయ అధికారిని, ఇంటి చెట్టయితే యజమానిని అడిగే కాయ ముట్టుకోండి. కాయలు కోసుకోవడానికే కాకుండా, తర్వాత పుల్ల తీసుకోవడానికి కూడా అప్పుడే మాట తీసుకోండి.

ప్రతి చెట్టుకూ నంబరు ఇవ్వండి. మేకు కొట్టొద్దు, రంగు పూయొద్దు. డబ్బా రేకు ముక్క కత్తిరించి, దాని మీద మేకుతో నంబరు గీకి, తీగతో కొమ్మకు వదులుగా కట్టండి. మొదటి ఏడాది నేను అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాశాను. ఒక్క గాలివానకు 11 ఏదో, 17 ఏదో తెలియకుండా పోయింది. ఆ రెండు చెట్ల పని మొత్తం మళ్ళీ మొదటికొచ్చింది. ఫోనులో లొకేషన్ కూడా సేవ్ చేసుకోండి.

నంబరు పక్కన ఈ మూడు తప్పకుండా రాయండి: సుమారు వయసు, నీళ్ళు ఎలా అందుతాయి, ఆకు ఎంత కోస్తారు. మూడోది బయటి పుస్తకాల్లో ఉండదు, మనకు మాత్రం చాలా ముఖ్యం. కార్తీకంలో ఒకసారి, శివరాత్రికి ఒకసారి కొమ్మలు బోడి చేసిన చెట్టు కాయను పెంచలేదు. అలాంటి చెట్టుకు చిన్న కాయలున్నాయని కొట్టిపారేస్తే మంచి చెట్టును పోగొట్టుకున్నట్టే. అలాగే గుడి కుళాయి నీళ్ళు పారే చోట, పంట బోదె పక్కన ఉన్న చెట్టు కాయ ఊరికే పెద్దదవుతుంది. అది చెట్టు గొప్పతనం కాకపోవచ్చు.

2. నిలబడి చూసి కొన్ని తీసేయండి

అన్ని చెట్ల కాయలూ కోసి తూచాలంటే టెన్షన్. ముందు కింద నిలబడి చూడండి. వేసవి ముందు ఆకు రాలినప్పుడు కాయలు స్పష్టంగా కనిపిస్తాయి, లెక్కపెట్టడానికి అదే అదను.

చెట్టు మీదే పగిలిన కాయలు ఎన్ని? అయిదింటికి ఒకటి కన్నా ఎక్కువ పగిలితే ఆ చెట్టును పక్కన పెట్టండి. పెంకు పలచన అనేది మంచి గుణమే గానీ, మరీ పలచనైతే కాయ చెట్టు మీదే విచ్చుకుంటుంది. పడమటి వైపు కాయలకు ఎండదెబ్బ గోధుమ మచ్చలు చాలా ఉన్నాయా? మన ఎండలకు కొంత తప్పదు, కానీ ఆకు గుబురు బాగున్న చెట్లకు తక్కువ ఉంటుంది. ముళ్ళు ఎలా ఉన్నాయి? పంత్ అపర్ణకు ముళ్ళు దాదాపు ఉండవు, కోతకు అదెంత సుఖమో ఒకసారి మామూలు చెట్టెక్కి దిగితే అర్థమవుతుంది. చివరగా, నిరుడు కాసిందా అని ఇంటివాళ్ళని అడగండి. ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది మొహం చాటేసే చెట్టుకు తక్కువ మార్కులే.

కాపు మొదలై రెండు మూడేళ్ళే అయిన చెట్టును ఈ ఏడాది తూచకండి. ముందు ముందు దాని కాయ మారుతుంది.

3. కోసే రోజు పట్టుకోండి

పూత మే, జూన్ నెలల్లో వస్తే కాయ పండేది మరుసటి వేసవికి. పది పదకొండు నెలల ప్రయాణం. అందుకే తొందరపడి కోసినవాళ్ళే ఎక్కువ. ముదురాకుపచ్చ రంగు తగ్గి లేత పసుపు కలిసిన ఆకుపచ్చ వస్తే కాయ ముదిరినట్టు. అనుమానమైతే ఒక్క కాయ కోసి చూడండి. గుజ్జు తెల్లగా, గింజలు లేతగా ఉంటే ఇంకా టైముంది. గుజ్జుకు పసుపు వచ్చి గింజ గట్టిపడితే సరే.

ఎండు ముక్కలవాళ్ళు ఈ దశ కన్నా ముందే, కాయ నిండా ఎదిగి ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు కోయాలి. మీకు అయిదో మెట్టు అక్కర్లేదు.

4. కాయలు కోయండి

చెట్టుకు 15 కాయలు. 10 కోసి చూడటానికి, 5 నిలవ పరీక్షకు. నాలుగు దిక్కుల నుంచీ, మరీ చిటారు కాకుండా మరీ కింద కాకుండా నడిమి కొమ్మల నుంచి తీసుకోండి. పెద్దవి ఏరొద్దు. చెయ్యి సహజంగా పెద్ద కాయ వైపే పోతుంది, నాకూ పోతుంది. అందుకే కళ్ళెదుటి కొమ్మ ఒకటి పట్టుకుని దాని మీద ఉన్నవి ఉన్నట్టు కోసేయడం అలవాటు చేసుకున్నాను.

తొడిమ రెండు సెంటీమీటర్లు ఉంచి కత్తిరించండి. చిక్కంలో పట్టుకోండి, కింద పడనివ్వొద్దు. పైకి పగులు కనిపించకపోయినా సన్న గీత పడితే చాలు, అక్కడి నుంచి బూజు లోపలికి పోతుంది. కింద రాలిన కాయలు ఎంత బాగున్నా లెక్కలోకి తీసుకోవద్దు.

ప్రతి కాయ మీద చెట్టు నంబరు, కాయ నంబరు పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. 7/3 అంటే ఏడో చెట్టు మూడో కాయ.

5. మాగబెట్టండి

నీడలో, వరిగడ్డి పరిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చండి. కార్బైడ్, పొగ వద్దు. పైకి పసుపు వచ్చినా లోపల తీపి రాదు, పోలిక మొత్తం పాడవుతుంది. ఎనిమిది నుంచి పదిహేను రోజుల్లో పెంకు పసుపు తిరుగుతుంది, తొడిమ తేలిగ్గా ఊడుతుంది, ముచ్చిక దగ్గర వాసన వస్తుంది. ఈ మూడూ కనిపించిన రోజే ఆ కాయను కోయండి. అన్నీ ఒకే తేదీన కోయాలని పట్టుపడితే ఒక చెట్టుది పండు, ఇంకోదానిది దోర. వాటిని పోల్చి ఏం లాభం?

6. కోసి తూచండి

ఇదే గుండెకాయ, కాస్త ఓపిక పట్టండి.

ముందు మొత్తం కాయ తూచి రాయండి. సుత్తితో కొట్టొద్దు. పెంకు ముక్కలు గుజ్జులో కలిసి, రసం కారి, తూకం చెడుతుంది. కాయ నడుము చుట్టూ హాక్సా బ్లేడుతో పెంకు వరకే గీత కోసి, చాకు దూర్చి తిప్పితే రెండు డిప్పలుగా విడిపోతుంది. ఫోటో తీయండి, చెట్టు నంబరు కాగితం పక్కన పెట్టి.

కోసిన అంచు మీద నాలుగు చోట్ల కాలిపర్‌తో పెంకు మందం చూసి సగటు రాయండి. రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే పలచన, మూడు దాటితే దళసరి.

ఇప్పుడు చెంచాతో గింజల సంచులు ముందు తీసేయండి. గింజల చుట్టూ పారదర్శకంగా జిగురు ఉంటుంది చూడండి, అది గింజలతో కలిపే ఒక గిన్నెలోకి. గుజ్జు వేరే గిన్నెలోకి. పెంకు లోపల గీకి శుభ్రం చేసి తూచండి. జిగురు గిన్నె తూచండి. గుజ్జు తూచండి. తర్వాత ఆ గుజ్జులోంచి రుచికి, రిఫ్రాక్టోమీటర్‌కు రెండు మూడు చెంచాలు తీసి పెట్టుకుని, మిగతాది తూచి రాసి, నీళ్ళు కలిపి జల్లెడ పట్టి, పైన నిలిచిన పీచును నీళ్ళు పోయేలా పిండి తూచండి. పక్కన పెట్టిన గుజ్జుకూ అదే వంతున పీచు కలుపుకుని, మొత్తం గుజ్జులోంచి తీసేస్తే అసలు గుజ్జు లెక్క వస్తుంది. చేతులు మధ్య మధ్య నీళ్ళలో ముంచుతూ ఉండండి. ఆ జిగురు ఆరితే గోళ్ళ సందుల్లో గాజులా గట్టిపడుతుంది.

గింజలు లెక్కపెట్టడం విసుగు పని. పది కాయలకూ చేయక్కర్లేదు, మూడింటికి చేస్తే చాలు.

గుజ్జు శాతం = అసలు గుజ్జు బరువు ÷ కాయ బరువు × 100.

నా నోటుబుక్కులోంచి రెండు చెట్లు చూడండి. 9వ చెట్టు సగటు కాయ 1100 గ్రాములు. పెంకు 310, గింజలు జిగురు 240, పీచు 60, గుజ్జు 490. అంటే 45 శాతం కూడా లేదు. 4వ చెట్టు కాయ 640 గ్రాములే. పెంకు 130, గింజలు జిగురు 75, పీచు 25, గుజ్జు 410, శాతం 64. చూడగానే అందరూ 9 వైపు ఎగబడ్డారు. కానీ దానికి ఆ ఏడాది 35 కాయలు, 4కు 90. చెట్టుకు గుజ్జు లెక్క వేస్తే 9వ చెట్టు 17 కిలోలు, 4వ చెట్టు దాదాపు 37 కిలోలు. పైగా 1100 గ్రాముల కాయ కోసినాయన మణికట్టు నొప్పి అదనం.

ఎండు ముక్కలవాళ్ళు ఇక్కడ గుజ్జు తూచే బదులు పెంకు తీసిన కండను ముక్కలు చేసి, తూచి, బాగా ఎండబెట్టి మళ్ళీ తూచండి. కిలో పచ్చి ముక్కలకు ఎన్ని గ్రాముల ఎండు ముక్కలు నిలిచాయో అదే మీ అసలు అంకె.

7. తీపి, రుచి

మారేడు గుజ్జు చాలా చిక్కన. బ్రిక్స్ (రిఫ్రాక్టోమీటర్ చూపే తీపి అంకె) 30 దాటడం మామూలే. మామూలు రిఫ్రాక్టోమీటర్ 32 వరకే చూపుతుంది, గీత పైకి పోయి కనబడదు. "పరికరం పాడైంది" అని నాకు ఫోను చేసినవాళ్ళు ఉన్నారు. చేయాల్సింది తేలిక: 10 గ్రాముల గుజ్జులో 10 గ్రాముల నీళ్ళు బాగా కలిపి, గుడ్డలో వడగట్టి చుక్క వేయండి. 16 వస్తే రెట్టింపు చేసి 32 అని రాసుకోండి. గుజ్జులో కరగని పదార్థం ఉంటుంది కాబట్టి ఇది అచ్చమైన అంకె కాదు. అన్ని చెట్లకూ ఒకేలా చేశారా, పోలిక నిలుస్తుంది. మొదలుపెట్టే ముందు మంచినీటి చుక్క వేసి సున్నా చూపుతుందో లేదో చూడండి. చుక్క గుజ్జుదే కావాలి, గింజల పక్కన జిగురు తీపి ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

తీపి ఒక్కటే రుచి కాదు. కొన్ని కాయలు మొదట తియ్యగా ఉండి తర్వాత గొంతు గీరతాయి, కొన్ని చివర వగరు వదులుతాయి. దీనికి పరికరం లేదు, మనుషులే కావాలి. మా ఇంట్లో ఎలా చేస్తామంటే, గుజ్జును చిన్న కప్పుల్లో వేసి అడుగున చెట్టు నంబరు రాస్తాం, తినేవాళ్ళకు చెప్పం. కప్పు కప్పుకూ మధ్య నీళ్ళు తాగాలి. ఒకసారి సైజు చూసి అందరూ మెచ్చుకున్న 9వ చెట్టు కప్పు మా పెద్దమ్మ ఒక చెంచా తిని పక్కన పెట్టేసింది. "ఇదేందిరా, గొంతులో గడ్డి పరక అడ్డం పడ్డట్టుంది" అంది. రెండో కప్పు కూడా అదే చెట్టుదని తనకు తెలియదు, దానికీ అదే మాట. మరుసటి రోజు ఇంకో ముగ్గురు అదే చెప్పారు. అయిదుగురు తింటే చాలు, పదిమంది అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళను కూర్చోబెట్టకండి.

8. మార్కులు వేయండి

ముందు తీసేయాల్సినవి తీసేయండి: గొంతు గీరేవి, లోపల నల్లబడినవి, పగుళ్ళు ఎక్కువున్నవి. వీటికి మిగతా గుణాలు ఎంత బాగున్నా మార్కులు వద్దు.

మిగిలినవాటికి నేను వందకు ఇలా వేస్తాను: గుజ్జు శాతం 25, రుచి, తీపి కలిపి 25, గింజలు జిగురు తక్కువకు 20, చెట్టు కాపుకు 15, పెంకుకు 10, నిలవకు 5. ఇవి నా లెక్కలు. అమ్మకానికి దూరం పంపేవాళ్ళు నిలవకు ఇంకా వేసుకోవాలి. ఇంటి వాడకానికైతే కాపుకు 15 కూడా ఎక్కువే. కానీ ఎన్ని మార్కులన్నది కాయలు కోయకముందే రాసి పెట్టుకోండి. కోశాక రాస్తే మనసుకు నచ్చిన చెట్టు గెలిచేలా అంకెలు జరుగుతాయి.

నిలవ పరీక్షకు పెట్టిన 5 కాయలను పండిన రోజు నుంచి మూడు రోజులకోసారి ముచ్చిక దగ్గర చూడండి. బూజు మొదలైన రోజు రాయండి. సగం పైగా కాయలు పది రోజులు నిలిస్తే బాగుంది.

9. మరుసటి ఏడాది మళ్ళీ

మొదటి ఏడాది పైన నిలిచిన నాలుగైదు చెట్లకే మళ్ళీ ఇదంతా చేయండి. కాపు, కాయ బరువు వాన, ఎండలతో బాగా మారతాయి. గింజలు, జిగురు, పెంకు, రుచి అంతగా మారవు. రెండేళ్ళూ పైవరుసలో ఉన్న చెట్టే మీ చెట్టు. మూడో ఏడు కూడా చూడగలిగితే మరీ మంచిది, చాలామందికి అంత ఓపిక ఉండదు, ఉండకపోయినా తప్పు లేదు.

ఎక్కువగా జరిగే తప్పులు

ఒక్క కాయ తిని చెట్టును నిర్ణయించడం అన్నిటికన్నా పెద్దది. ఒకే చెట్టు మీద 400 గ్రాముల కాయ, 900 గ్రాముల కాయ పక్కపక్కనే చూశాను.

సైజుకు లొంగిపోవడం రెండోది, దాని సంగతి 9వ చెట్టు చెప్పింది.

నీళ్ళ చెట్టును, మెట్ట చెట్టును ఒకే గాటన కట్టడం. నల్లరేగడిలో బోదె పక్కనున్న చెట్టును కొండ వారన రాళ్ళలో ఉన్నదానితో కాయ బరువులో పోల్చకండి. గుజ్జు శాతం, రుచి, గింజలు పోల్చవచ్చు.

ఒక చెట్టు తూకం ఒకరు, ఇంకో చెట్టు తూకం ఇంకొకరు వేయడం. గుజ్జు గీకడంలో ఎవరి చెయ్యి వారిది. అన్ని చెట్లకూ ఒకరే గీకాలి.

లెక్క సరిగ్గా వచ్చిందా?

పది కాయల్ని 1 నుంచి 5, 6 నుంచి 10 అని రెండు భాగాలు చేసి గుజ్జు శాతం సగటు విడివిడిగా వేయండి. రెండూ దగ్గరగా ఉంటే ఆ అంకెను నమ్మవచ్చు. ఒకటి 62, ఇంకోటి 51 వస్తే ఇంకో పది కాయలు కోయాల్సిందే. పెంకు, జిగురు, గుజ్జు, పీచు కలిపితే కాయ బరువుకు దగ్గరగా రావాలి. 20, 30 గ్రాములు చెంచాకు, గిన్నెకు అంటుకుపోతాయి. అంతకు మించి తేడా ఉంటే ఏదో తూకం తప్పు రాశారు.

ఒక మామూలు చెట్టును కొలబద్దగా పెట్టుకుని ప్రతి ఏడూ దాన్ని కూడా తూచండి. ఈ ఏడు అన్ని చెట్ల తీపీ తగ్గితే కొలబద్ద చెట్టుదీ తగ్గుతుంది. అప్పుడు మీ 4వ చెట్టు చెడిపోయిందని బెంగపడరు.

చెట్టు దొరికాక

జూన్, జులైలలో వానలు పడ్డాక అంటు కట్టండి. ఏ మారేడు గింజైనా వేరుమూలానికి (కన్ను అతికించే కింది మొక్కకు) పనికొస్తుంది. పండు తిన్న వెంటనే గింజ కడిగి సంచుల్లో నాటాలి, దాచితే మొలక తగ్గిపోతుంది. ఏడాది మొక్క పెన్సిల్ లావు అయ్యాక, ఎంచుకున్న చెట్టు కొత్త కొమ్మ మీది కన్నును చిన్న బెరడు ముక్కతో సహా తీసి, మొక్క మీద అంతే కొలత బెరడు తీసిన చోట అతికించి, కన్ను బయటికి ఉంచి ప్లాస్టిక్ పట్టీతో బిగించాలి. దీన్నే ప్యాచ్ బడ్డింగ్ అంటారు. మూడు వారాలకు కన్ను పచ్చగా ఉంటే పట్టినట్టు. మొదటిసారి మీరే కట్టకుండా చెయ్యి తిరిగిన వాళ్ళతో కట్టించుకోండి.

తల్లి చెట్టు చుట్టూ వేరు పిలకలు లేస్తే అంటు ఖర్చు లేకుండా అవే తవ్వుకోవచ్చు. తల్లి గింజ చెట్టయితే పిలక అచ్చం తల్లే. అది అంటు చెట్టయితే మాత్రం పిలక కింది వేరుమూలానిది, అంటే ఏ రకమో తెలియనిది.

నర్సరీలో కొంటున్నారా? ఒకచోట నేను "అంటు మొక్కలు" అని డబ్బు కట్టి 12 తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఒక్కదానికీ అతుకు లేదు, అన్నీ గింజ మొక్కలే. నేలకు జానెడు లోపు కాండం మీద అతుకు మచ్చ, అక్కడ చిన్న వంపు కనిపించాలి. సంచి కింద మట్టి తుడిచి, వేలితో తడిమి చూశాకే డబ్బివ్వండి.

ఎంచిన ప్రతి చెట్టు నుంచీ కనీసం అయిదు అంట్లు ఒకే చేలో, ఒకే నీళ్ళ కింద, ఎనిమిది మీటర్ల ఎడంలో నాటండి, పక్కనే కొలబద్ద చెట్టు అంట్లు రెండు. నాలుగైదేళ్ళకు కాపు మొదలవుతుంది. అప్పుడు బోదె పక్కన పెరిగిన గొప్ప, ఆకు కోతకు గురైన నష్టం రెండూ ఉండవు. ఆరో మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. అయితే తొలి రెండు కాపుల అంకెలు వేరే పేజీలో రాయండి, సగటులో కలపకండి.